నెట్ బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

షార్జా నుంచి మాట్లాడుతున్న. మాది జగిత్యాల దిక్కు పల్లె. ఐటీఐ చేసి వచ్చిన, షట్టరింగ్ పని నుంచి మొదలుపెట్టి ఇప్పుడు సూపర్‌వైజర్‌గా ఉన్న. ఈసారి సైట్ ముచ్చట కాదు, మా రూం ముచ్చట. చెప్పుకోవాలంటే సిగ్గే, అయినా చెప్తా.

మేం తొమ్మిది మందిమి ఒక ఫ్లాట్‌లో ఉంటం. నెట్ బిల్లు నెలకు 360 దిర్హాములు, తలా 40. మాలో పెద్దాయన ఒకరున్నరు, నాకంటే పదేండ్లు పెద్ద. పెద్దన్న అంటం. మెస్ పైసలు, నెట్ పైసలు ఆయనే జమ చేసి కడతడు.

ఒకనాడు రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి నెట్ బంద్. మీకు తెలుసు కదా, ఇక్కడ వాట్సాప్ కాల్ నడవదు, అందరం బోటిమ్ మీదనే. మనం తొమ్మిదింటికి తిని ఫోన్ పట్టుకునేసరికి ఊర్ల పదిన్నర. పిల్లలు నిద్ర ఆపుకొని కూచుంటరు. ఆ రాత్రి మొబైల్ డేటా ఉన్నోళ్లు రెండు ముక్కలు మాట్లాడిన్రు, లేనోళ్లు ఊకున్నరు.

తెల్లారి అబుదాబి నుంచి ఒక తమ్ముని ఫోన్. ఆ కనెక్షన్ ఆయన ఎమిరేట్స్ ఐడీ మీదనే ఉంది. ఎనిమిది నెలల కింద వేరే కంపెనీకి మారినప్పుడు పేరు తీసేస్తా అన్నడు. కాంట్రాక్టు మధ్యలో తెంపితే చార్జి పడతది. అందుకని నేనే, "ఉండనీయ్ తమ్మీ, బిల్లు మేం కట్టుకుంటం, నాది పూచీ" అన్న. ఆయన పాత నంబర్ కూడా తీసేసిండు, మెసేజ్‌లు చూసుకోలే. చెల్లె పెండ్లికి బ్యాంకు లోన్ అడిగితే అప్పుడు బయటపడ్డది. ఇక్కడ నెట్, ఫోన్ బాకీలు కూడా క్రెడిట్ బ్యూరో రిపోర్టులో కనబడతయి. మూడు నెలల బిల్లు, 1080 దిర్హాములు, ఆయన పేరు మీద.

"అన్నా, నీ మాట మీద నా ఐడీ ఇడిసిపెట్టిన" అన్నడు. గట్టిగ కూడా అనలే. అంటే బాగుండు.

ఆ కోపం తీసుకుపోయి పెద్దన్న మీద పెట్టిన. అందరి ముందట, "నెల నెలా ఇస్తున్నం కదా, పైసలు ఏడ వోయినయి, తిన్నవా?" అన్న. ఆయన మారుమాట అనలే. పరుపు కింద నుంచి ఒక చిన్న డైరీ తీసి నా చేతుల పెట్టిండు.

చూస్తే, ఎనిమిది నెలల నుంచి ఇచ్చేది ఏడుగురమే. నెలకు 280 వస్తున్నయి. మొదటి ఐదు నెలలు తక్కువ పడ్డ 80 ఆయనే జేబులకెల్లి వేసిండు, అంటే 400. తర్వాత ఆయనకూ ఇంటికాడ ఖర్చు పడ్డది. మూడు నెలల వసూలు 840లో తన 400 మినహాయించుకొని, మిగతా 440 కవర్‌లో పెట్టి ఉంచిండు. పూర తేలితే ఒకేసారి కడదామని చూసిండట. తేలనిది 640. ఇద్దరు తమ్ముళ్లవి, ఒక్కొక్కరివి 320. లెక్క ఒక్క దిర్హం కూడా తేడా లేదు. సైట్‌ల రోజూ యాభై మంది టైంషీట్ రాసేటోణ్ని నేను, ఇంట్ల ఒక్కనాడు "బిల్లు కట్టినవా, రసీదు చూపియ్యి" అని అడగలే.

ఆ ఇద్దరూ చిన్న సబ్‌కాంట్రాక్టర్ దగ్గర పని చేస్తరు. జీతం ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. వచ్చింది ఇంటి అప్పుకే పోతది. మాకు చెప్పలే, పెద్దన్నకు మాత్రం చెప్పుకున్నరు. వాళ్ల ఇజ్జత్ పోతదని ఆయన మాకు చెప్పలే. మంచి మనసే, కాని అబుదాబి తమ్ముని పేరు చెడ్డది దాంట్లనే. ఈ ముచ్చట ముందే అనుకుంటే మూడో నెల దాక పోకపోవు.

మిగిలిన 640కి ఏడుగురం తలా 90 వేసినం, పైన పది నేను వేసిన. ఆదివారం అబుదాబి తమ్ముడు బస్సులో వచ్చిండు. ఇద్దరం ఐడీలు పట్టుకొని కౌంటర్‌కు పోయి బాకీ కట్టి, కనెక్షన్ నా పేరు మీదకి మార్పించినం. బాకీ లేదని కాయితం తీసుకొని ఆయన చేతికిచ్చిన. మీ పేరు మీద నెట్ గాని, సిమ్ గాని ఉంచి రూం మారుతున్నోళ్లు, ఎవరి పూచీ మీదా పోకండి, నాలాంటోని పూచీ మీద అసలే పోకండి. ఆ కాయితం చేతికి వచ్చినంకనే కదలండి.

ఆ ఇద్దరితోని కార్మిక శాఖ యాప్‌లో జీతం ఫిర్యాదు పెట్టించినం. ఎట్ల పెట్టాల్నో తెలియనోళ్లు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి ఫోన్ చేయొచ్చు, 80046342, పైసలు పడవు. వాళ్లకు రెండు నెలల జీతం వచ్చింది, ఇంకా రావాల్సింది ఉంది.

పెద్దన్నను అందరి ముందట అన్న కాబట్టి మాఫీ కూడా అందరి ముందటనే అడిగిన. "సరే తీయ్" అన్నడు. ఇప్పుడు నెల నెలా బిల్లు ఫొటో, రసీదు రూం గ్రూపులో పెడతడు, కింద "సూపర్‌వైజర్ సాబ్, లెక్క చూసుకో" అని రాస్తడు. నవ్వుకుంట రాస్తడో, పొడిచి రాస్తడో నాకు ఇంకా తెలుస్తలేదు.

సరే మరి, పొద్దుగాల నాలుగింటికి బస్సు. ఉంట.