సెల్ఫ్ తీసుకోని బండి
(ఒట్టన్‌చత్రంలో స్పిన్నింగు మిల్లు కార్మికుల ఆదివారపు తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో ఇంతవరకు బోనసు గురించి, ప్రావిడెంటు ఫండు గురించి, పని గంటల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం పాత కారు గురించి చెప్పమని మీలో కొందరు అడిగారు. "కార్లున్న కార్మికులు మనలో ఎందరు?" అని ఇంకొందరు నవ్వారు. మా జవాబు ఒక్కటే. కారు మనది కాకపోవచ్చు, అందులో ఎక్కించే ప్రాణం మనవాళ్ళదే. మూడో షిఫ్టులో కార్డింగులో చెయ్యి నలిగిన మనిషినైనా, అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడకూతుర్నైనా ఇక్కణ్ణించి దిండిగల్ పెద్దాసుపత్రికి చేర్చాలంటే ముప్పై కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. 108 అంబులెన్సు వచ్చాక ఆ బెంగ తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ముందు 108కి ఫోను చెయ్యండి. అది వచ్చేలోగా షెడ్డులో ఉన్న పాత బండిని సిద్ధం చేసుకోవడం మన చేతిలో ఉన్న పని.

అంబాసిడర్ తయారీ 2014లో ఉత్తరపారాలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకుముందే ఆగింది. అయినా పళని రోడ్డు మీదా, ధారాపురం రోడ్డు మీదా, కూరగాయల మార్కెట్టు చుట్టూ ఆ తరం బండ్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తూనే ఉన్నాయి. వాటి కోసమే ఈ మాటలు.

ముందు జబ్బు పేరు సరిగ్గా చెప్పాలి

"బండి స్టార్టు కావడం లేదు" అనే మాట చాలదు. ఇందులో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. ఇంజను గిరగిర తిరుగుతుంది గాని అంటుకోదు: ఇది ఒకటి. అప్పుడు పెట్రోలు, ప్లగ్గులు, పాయింట్లు చూడాలి. ఇంజను అసలు తిరగనే తిరగదు: ఇది రెండోది. మెకానిక్కులు దీన్నే "సెల్ఫ్ తీసుకోవడం లేదు" అంటారు. ఈ రెండో జబ్బుకు పెట్రోలుతో పని లేదు. కార్బురేటరు విప్పి పెట్రోలు ఊదేవాణ్ణి అక్కడే ఆపండి. ఈ పూట మనం మాట్లాడేది సెల్ఫ్ తీసుకోని బండి గురించి మాత్రమే.

మనకిది కొత్త విద్య కాదు. రింగు ఫ్రేము ఆగిపోతే మంచి ఫిట్టరు ఏం చేస్తాడు? వచ్చీ రాగానే మోటారు విప్పడు. లైను ఉందా, ఫ్యూజు ఉందా, స్టార్టరు పట్టిందా, మోటారు తిరుగుతుందా, బెల్టు లాగుతుందా అని కరెంటు నడిచే దారినే వరసగా నడుస్తాడు. కారులోనూ అదే దారి: బ్యాటరీ, టెర్మినళ్ళు, తాళం స్విచ్చి, సోలినాయిడు, సెల్ఫ్ మోటారు, చివరికి ఇంజను. వరస తప్పినవాడు డబ్బు తగలేస్తాడు.

హెడ్‌లైటు చెప్పే మాట

చేతిలో మీటరు లేకపోయినా ఫరవాలేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండు బ్రేకు లాగి, హెడ్‌లైట్లు వెయ్యండి. ఒకరు ముందు నిలబడి లైట్లు చూడాలి, ఒకరు తాళం తిప్పాలి.

లైట్లు మొదట్నించే మసకగా ఉన్నా, అసలు వెలగకపోయినా బ్యాటరీ దిగిపోయింది, లేదా టెర్మినల్ వదిలింది.

లైట్లు బాగా వెలిగి, తాళం తిప్పగానే ఆరిపోయేంతగా పడిపోతే మూడు అనుమానాలు: బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు, లేదా మోటారో ఇంజనో బిగుసుకుపోయింది. దీంతోపాటు కటకటకట అని వరసగా చప్పుడొస్తే మొదటి రెండింటిలోనే వెతకండి.

ఒక్కటే "టక్" మని చప్పుడొచ్చి, లైట్లు తగ్గకుండా అలాగే ఉంటే సోలినాయిడు లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉంటాయి, లేదా మోటారు కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉంటాయి.

లైట్లు తగ్గకుండా, చప్పుడు కూడా లేకుండా ఉంటే సోలినాయిడుకు కరెంటు చేరడం లేదు. తాళం స్విచ్చి, అక్కణ్ణించి వచ్చే సన్నని వైరు చూడాలి.

మోటారు మాత్రం రయ్యిమని తిరిగి ఇంజను కదలకపోతే పినియను చక్రం ఇంజను పళ్ళచక్రాన్ని పట్టడం లేదన్న మాట. పినియను జారే మరలో మట్టి, జిడ్డు పేరుకుని ఉంటాయి, లేదా పళ్ళు విరిగి ఉంటాయి.

మీటరు ఉంటే ఇంకా మంచిది. బండి కాసేపు ఆగి ఉన్నాక నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. తాళం తిప్పినప్పుడు తొమ్మిదిన్నరకు కింద పడిపోతే ఆ బ్యాటరీని నమ్మకండి.

లైటు వెలిగితే బ్యాటరీ బాగున్నట్టేనా?

ఎక్కువమంది మోసపోయే తావు ఇదే. "హారన్ మోగుతోంది, లైటు వెలుగుతోంది, బ్యాటరీకేం? మోటారే పోయింది" అంటారు. లెక్క చూడండి. రెండు హెడ్‌లైట్లకు కావలసిన కరెంటు పది ఆంపియర్లు. సెల్ఫ్ మోటారుకు నూట యాభై, ఒక్కోసారి రెండు వందలు. టెర్మినల్ మీద తెల్లగా పచ్చగా పూత కట్టి అక్కడ 0.04 ఓము అడ్డు ఏర్పడిందనుకోండి. పది ఆంపియర్లు పోయేటప్పుడు ఆ అడ్డు తినేది 0.4 వోల్టు. లైటు హాయిగా వెలుగుతుంది. అదే అడ్డు గుండా నూట యాభై ఆంపియర్లు పోవాలంటే 6 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి. పన్నెండులో సగం దారిలోనే పోతే మోటారు ఎలా తిరుగుతుంది? సన్నని వాకిట్లోంచి ఒక్క మనిషి సులువుగా పోతాడు. షిఫ్టు వదిలినప్పుడు జనమంతా ఆ వాకిట్లోంచే పోవాలంటే కుదరదు.

కనుక కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ నాలుగు రూపాయల పని చెయ్యండి. బాడీకి కలిపిన కేబులు ముందు విప్పండి, తర్వాత రెండోది. వేడి నీళ్ళలో వంట సోడా కలిపి టెర్మినళ్ళు కడగండి. ఆ నీళ్ళు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచండి. ఉప్పు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన వాజిలీను రాయండి. బిగించేటప్పుడు బాడీ కేబులు చివర. కొన్ని బాగా పాత బండ్లలో ధన ధ్రువమే బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి గుర్తు చూడకుండా చెయ్యి పెట్టకండి.

ఇంతటితో ఆగకండి. ఇంజనుకూ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కదా, రబ్బరు గుండా కరెంటు పోదు. తిరుగు దారి ఆ పట్టీయే. అది తెగినా, తుప్పు పట్టినా ఎన్ని బ్యాటరీలు మార్చినా లాభం లేదు. మీటరు ఒక కొస బ్యాటరీ ఎర్త్ కొమ్ముకు, ఇంకో కొస ఇంజను లోహానికి పెట్టి తాళం తిప్పించండి. మోటారు కరెంటు లాగుతున్నప్పుడు అర వోల్టుకు మించి చూపిస్తే తప్పు ఆ దారిలోనే ఉంది.

మోటారు దగ్గరికి వస్తే

1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన మన జి.డి. నాయుడుగారు 1920లో పొళ్ళాచ్చి నుంచి పళనికి ఒక బస్సుతో మొదలుపెట్టారు. బాలసుందరం నాయుడుగారితో కలిసి 1937లో దేశీయంగా ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసి చూపించిన ఘనత ఆయనది. మన ఇరుగు పొరుగు ఊళ్ళలో తెలుగు మాట్లాడే రైతు బిడ్డలకు మోటారు అనేది అప్పటినుంచీ ఇంటి వస్తువే. సెల్ఫ్ మోటారు కూడా అలాంటి మోటారే. దానికి భయపడనక్కర లేదు.

టక్‌మని తిరగకపోతే, ఒకరు తాళం తిప్పి పట్టుకోగా ఇంకొకరు మోటారు ఒంటిని కొయ్య పిడితో మెల్లగా తట్టండి. తిరిగిందంటే బ్రష్షులు అరిగాయి. అది ఆ రాత్రికి వైద్యం, మర్నాడు బ్రష్షులు మార్చాల్సిందే.

పాత అంబాసిడర్లలో పినియను పళ్ళచక్రంలో ఇరుక్కుపోవడం మామూలు. తాళం తీసెయ్యండి. టాపు గేరులో పెట్టి, హ్యాండు బ్రేకు దించి, బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. టక్కున విడివడుతుంది. విడివడకపోతే మోటారు వెనక మూత కింద నలుచదరపు కొస ఉంటుంది, స్పానరుతో దాన్ని తిప్పండి. ఇలాంటి చోట తోయబోయి, కొత్త బ్యాటరీ కొనబోయి తెల్లవార్చినవాళ్ళున్నారు.

ఇవేవీ కాకపోతే ఇంజనే బిగుసుకుందేమో చూడాలి. ప్లగ్గులు విప్పి హ్యాండిల్‌తో తిప్పండి. తిరిగితే ఇంజను మంచిదే. వాన నీటిలో మునిగిన బండి అయితే ప్లగ్గులు విప్పకుండా సెల్ఫ్ కొట్టనే కొట్టకండి. సిలిండరులో నీళ్ళుంటే రాడ్డు వంగిపోతుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోకండి

హ్యాండిల్ కొట్టేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ను చుట్టకూడదు. కింది నుంచి పైకి లాగాలి, పై నుంచి కిందికి తొక్కకూడదు. ఇంజను వెనక్కి తన్నితే మణికట్టు విరుగుతుంది. చెయ్యి మనకు కూడు పెట్టేది, మర్చిపోకండి.

బ్యాటరీ నుంచి హైడ్రోజను వాయువు వస్తుంది. దాని దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. నీళ్ళు ఎంత ఉన్నాయో అగ్గిపుల్ల వెలిగించి చూసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. టార్చిలైటు వాడండి. ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునేటప్పుడు ముందు రెండూ 12 వోల్టులవేనా, బాడీకి కలిపిన ధ్రువం రెండు బండ్లలో ఒకటేనా చూడండి. మన బండ్లలో ఎక్కువగా రుణ ధ్రువమే బాడీకి ఉంటుంది. అప్పుడు ధన ధ్రువానికి ధన ధ్రువం కలపండి, రెండో కేబులు చివరి కొసను మాత్రం దిగిపోయిన బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజను లోహానికి కలపండి. నిప్పురవ్వ పడితే అక్కడ పడుతుంది. ఆసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారగా నీళ్ళు పొయ్యండి.

తోసి స్టార్టు చేయడం బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు, సెల్ఫ్ మోటారు పనిచేయనప్పుడు పనికొస్తుంది. రెండో గేరులో, క్లచ్ నొక్కి ఉంచి, వేగం అందుకోగానే వదలాలి. వెనక నుంచి తొయ్యండి, ముందు ఎవరూ ఉండకూడదు. పినియను ఇరుక్కున్న బండినీ, ఇంజను బిగిసిన బండినీ తోసి లాభం లేదు. స్టార్టయ్యాక మీటరు పెట్టి చూడండి. ఇంజను కాస్త వేగంగా తిరుగుతుంటే సుమారు 14 వోల్టులు రావాలి. రాకపోతే ఫ్యాను బెల్టు వదులైంది, లేదా డైనమో చార్జి చేయడం లేదు. అప్పుడు బ్యాటరీ దోషి కాదు. తిండి పెట్టకుండా పని చేయించుకుంటే ఎవరైనా పడిపోతారు.

నేరం ఎవరి మీద పడుతోంది?

చివరిగా, మా దృష్టికి వచ్చిన ఒక సంగతి. ఒక మిల్లు బండి డ్రైవరు సోదరుడు రాత్రిపూట కార్మికుల్ని దింపి వచ్చేవాడు. బండి తరచు మొరాయించేది. ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చారు. రెండోదాని ఖరీదు అతని జీతంలో పట్టుకుంటామన్నారు. "నువ్వే లైట్లు ఆర్పకుండా పోతున్నావు" అన్నారు. మేము, ఒక ఫిట్టరు సోదరుడు కలిసి వెళ్ళి చూశాం. అర్ధగంటలో తేలింది. ఇంజను దగ్గరి రాగి పట్టీ ముక్కాలు భాగం తెగి, నాలుగు పోగులు మిగిలి ఉంది. బండ్ల రిపేరు అంగట్లో దొరికే చిన్న వస్తువు. అది మార్చాక పాత బ్యాటరీతోనే ఇంజను తిరిగింది. తెగిన పట్టీ బల్ల మీద పెట్టి మాట్లాడితే జీతం కోత మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. నష్టానికి జీతం కోయాలంటే ఆ నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. నష్టం విలువను మించి కోయకూడదు. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే కోయాలి. 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలో ఉన్న ఈ రక్షణ దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. కాని సంజాయిషీలో రాయడానికి మనకు విషయం తెలియాలి కదా. "నా తప్పు కాదు సార్" అంటే ఎవరూ వినరు. "ఎర్త్ దారిలో రెండు వోల్టులు పోతున్నాయి, మీరే చూడండి" అంటే వినక తప్పదు. యంత్రం గురించి తెలిసిన కార్మికుడి మీద నేరం మోపడం సులువు కాదు.

అందుకని మా సూచన ఇది. ప్రతి హాస్టలు దగ్గరా, ప్రతి మిల్లు గేటు దగ్గరా పాత బండి ఉంటే దాని పేర ఒక నోటు పుస్తకం పెట్టండి. వారానికోసారి బ్యాటరీ నీటి మట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోసి, టెర్మినల్ బిగువు, బెల్టు బిగువు చూసి తేదీతో రాసి సంతకం చెయ్యండి. బండి కదలకుండా రోజుల తరబడి ఉంటే మధ్యలో ఒకసారి తిప్పండి. ఒక టార్చి, రెండు స్పానర్లు, ఉప్పు కాగితం, జంపరు కేబుళ్ళ జత ఒక సంచిలో కట్టి డిక్కీలో ఉంచండి. ప్రతి షిఫ్టులో ఇద్దరికైనా ఈ వరస నోటికి రావాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడకూతురు అయి ఉండాలి. హాస్టల్లో రాత్రిపూట ఉండేది వాళ్ళే.

ఇప్పుడు బయట వేపచెట్టు కింద బండి నిలబెట్టాం. టెర్మినల్ వదులు చేసి ఉంచాం. నలుగురు నలుగురుగా రండి. లైటు వేసి, తాళం తిప్పి, జబ్బు ఏమిటో మీరే చెప్పండి.