బడి విడిచిన పిమ్మట

సాయంకాలము గంట మ్రోగినతోడనే బాలుని చదువు ముగియునా?

అమెరికాలోని బోస్టన్ నగరమున ఆనాటి కంప్యూటర్ మ్యూజియమునందు, 1989 సెలవులలో, లెగో ఆటదిమ్మెలతో యంత్రములు గట్టి వానిని కంప్యూటరుచే నడపు విద్యను పిల్లలకు జూపిరి. సెలవులు గడచినను కొందరు బాలురు మరల వచ్చి అదియే కావలెననిరి. అప్పటికే యది యెత్తివేయబడినది! అట్టి బాలురకై 1993లో నచటనే ‘కంప్యూటర్ క్లబ్‌హౌస్’ వెలసెను. పిమ్మట నట్టివి పెక్కు దేశములకు వ్యాపించినవి. పేదపేటల పిల్లలు బడి విడువగానే వచ్చి చిత్రములు, సంగీతము, చలనచిత్రములు స్వయముగా గల్పింతురు.

అందు నన్నాకర్షించినది యంత్రము గాదు, ప్రక్కన గూర్చుండు పెద్ద. వారిని మెంటరులందురు, చిత్రకారులు, ఇంజనీర్లు, కళాశాల విద్యార్థులును గలరు. వారు పాఠమొప్పగింపరు. తామును ఒక పని చేపట్టి చేయుచుందురు. పెద్దవాడు తడబడుటయు, దిద్దుకొనుటయు బాలుని కంటబడును. నేనన్ననో, తప్పిన లెక్కను ఇంట రహస్యముగా దిద్దుకొని, మరునాడు సర్వజ్ఞునివలె తరగతికి బోయెడివాడను! ఎన్నియేండ్లట్లు చేసితినో!

మా యూరి బడిలోను కంప్యూటరులు గలవు. సాయంకాలము కాగానే గదికి తాళము పడుచుండెను. గతమాసమున తాళపుచెవి నడిగి తీసికొంటిని. ఇప్పుడు నలుగురు బాలురు మా గ్రామదేవత జాతరను గూర్చి చిన్న చలనచిత్రము గూర్చుచున్నారు. కథ నేను చెప్పుచున్నాను. ఏ మీట నొక్కవలెనో వారు నాకు జెప్పుచున్నారు.