మాట్లాడని తల్లి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)

 

దూరదేశంలో ప్రాణమిచ్చిన ఒక సైనికుడి గురించి చెప్పమన్నారు. నేను కెప్టెన్ హుమాయూన్ ఖాన్ గురించి చెబుతాను. 1976లో యూఏఈలో పుట్టాడు. తల్లిదండ్రులది పాకిస్తాన్. అమెరికాలో పెరిగి, 2000లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ ముగించి అక్కడి సైన్యంలో చేరాడు. తర్వాత లా చదవాలనుకున్నాడు. ఇంతలో ఇరాక్ వెళ్లాల్సి వచ్చింది. నీ సర్వీసు అయిపోయింది కదా, వెళ్లకుండా ఉండే దారి లేదా అని తల్లి గజాలా ఖాన్ అడిగారు. అది తన బాధ్యత అన్నాడు. ఆ యుద్ధం న్యాయమా అంటే నాకూ అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ.

2004 జూన్ 8న బఖూబాలో శిబిరం గేటు వైపు ఒక టాక్సీ వచ్చింది. తన సైనికులను వెనకే ఆగమని, తానే దాని వైపు నడిచాడు. బాంబు పేలింది. వయసు 27. ఆర్లింగ్టన్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద నెలవంక చెక్కి ఉంది.

పన్నెండేళ్ల తర్వాత, 2016 జులై 28న ఫిలడెల్ఫియాలో పెద్ద రాజకీయ సభ. తండ్రి ఖిజ్ర్ ఖాన్ మాట్లాడారు. తల్లి పక్కన మౌనంగా నిలబడ్డారు. అప్పుడు అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న డొనాల్డ్ ట్రంప్, ఆమెకు మాట్లాడే అనుమతి లేదేమో అని టీవీలో అన్నారు. ఆమె పత్రికలో జవాబు రాశారు: వెనక కొడుకు ఫొటో అంత పెద్దగా ఉంటే తనను తాను పట్టుకోవడమే కష్టమైందట. వాడి ఫొటోలున్న గదిలోకి వెళ్లలేరట. వాడి వస్తువులున్న అల్మరా సర్దలేక కోడలిని సర్దమన్నారట.

ఇది చదివి నాకు సిగ్గేసింది. కిందటేడు మన స్కాలర్‌షిప్పుల సభలో, గల్ఫ్‌లో భర్త చనిపోయిన చెల్లెల్ని మైకు దగ్గరికి పిలిచింది నేనే. "రెండు మాటలు చెప్పమ్మా, దాతలు సంతోషిస్తారు" అన్నాను. ఆమె మైకు పట్టుకుని నిలబడిపోయింది. "చెప్పమ్మా" అని మళ్లీ అన్నాను. ఆమె కొడుకు మా బళ్లోనే ఆరో తరగతి. తలొంచుకుని తల్లి కొంగు పట్టుకున్నాడు. ఫొటో బాగా వచ్చిందని సావనీరులో వేశాం, పేరూ ఊరూ రాసి మరీ. ఆ తర్వాత వారం రోజులు వాడు బడికి రాలేదు.

ఇచ్చినదాన్ని ఎత్తిచూపి నొప్పించవద్దని సూరా బఖరాలో ఉంది. మనందరికీ తెలుసు, పిల్లలకు చెబుతాం కూడా.

దాతలకు లెక్క కావాలి, నిజమే. సంతకం చేసిన రసీదులు కోశాధికారి గారి దగ్గర ఉంటాయి, ఎవరైనా చూడవచ్చు. ఈ ఏడు చెక్కులు ఇళ్లకే తీసుకెళ్తాం. ఫొటోలుండవు. కార్యదర్శి గారు ఒప్పుకున్నారు. పదకొండు ఇళ్లు, వచ్చే ఆదివారం జుహర్ తర్వాత బయలుదేరుతాం. స్కూటర్లున్నవాళ్లు ఇద్దరు, ఆడవాళ్లు ఒకరిద్దరు వస్తే చాలు. జాబితా నా దగ్గర ఉంది.