జనాభా లెక్కలలో మతపు గడి



ఏ మతమునకును చెందనివారు లోకమున బహు స్వల్పమని మనలో పెక్కండ్రు తలంతురు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థవారు 2020వ సంవత్సరమునకు వేసిన లెక్క వేరుగా నున్నది. అట్టివారు నూటికి 24 మంది, అనగా సుమారు 190 కోట్లు. క్రైస్తవులు, ముస్లిముల తరువాత మూడవ స్థానము వారిదే. హిందువులు వారి తరువాతివారు. అందు సుమారు 130 కోట్లు చీనావారు. అయినను ఆ దేశమున పితరుల సమాధులకడ అగరువత్తులు వెలిగించువారికి కొదువ లేదు. కావున మతము చెప్పనివానికి ఏ నమ్మకమును లేదనుకొనరాదు.

మన దేశమున 2011 లెక్కలలో మతము తెలుపనివారు సుమారు 28 లక్షల 67 వేలు. వేయింటికి ఇద్దరు ముగ్గురన్నమాట. ఈ స్వల్పసంఖ్య నాకు పూర్తిగ నమ్మదగినదిగ తోచదు. మా పెందుర్తి ప్రాంతమున నేనెరిగిన నాస్తికులలో ఇరువురి పేరు అప్పన్నయే! సింహాచలము కొండ నీడన పుట్టినవారికి మరియే పేరు పెట్టుదురు? లెక్కలు వ్రాయువారు వచ్చినపుడు ఇంటిపెద్ద అరుగుమీద కూర్చుండి అందరికిని ఒకే మతము వ్రాయించును. ప్రశ్న మాత్రము ఒక్కొక్కరిని గూర్చినది.

నాస్తికత్వము తెలుగునాట నిన్న మొన్న వచ్చిన వింత కాదు. గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు కళాశాలలో వృక్షశాస్త్రము బోధించుచు, తమ భావముల కారణమున ఉద్యోగము కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మారినది. పరమ దైవభక్తుడైన గాంధీమహాత్మునితో వారికి స్నేహము కుదిరినది. గోరాగారి కుమార్తెకు దళిత యువకునితో వివాహము నిశ్చయమైనపుడు, దేవుని పేరునకు మారుగా సత్యము పేర దానిని జరిపించుటకు మహాత్ముడు సమ్మతించెను. ఆయన మరణానంతరము, 1948లో, ఆ పెండ్లి సేవాగ్రామముననే జరిగినది. భక్తుని భక్తికి దానివలన లోపమేమి కలిగినది? మా విశాఖపట్టణమునను 1972లో జయగోపాల్‌గారు భారత నాస్తిక సమాజమును నెలకొల్పిరి.

2023లో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, కోరిన తలిదండ్రులకు బిడ్డ జనన పత్రమున మతము లేదు, కులము లేదు అని నమోదు చేసికొను వీలుండవలెనని తీర్పు చెప్పినది.

ఇక 2027వ సంవత్సరమునకు జనాభా లెక్కలు ప్రకటింపబడియున్నవి. మతపు ప్రశ్న వచ్చినపుడు, పెద్దలైన మీరు సమాధానము చెప్పకముందు కుమారుని పిలిచి యడుగుడు. వంటయింటిలోని కోడలిని గూడ పిలువుడు.