ఫెర్మా నమ్మిన సంఖ్య

చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ దానిలో నాలుగు - ఇట్లు ఇనుమడించుచు పోవు లెక్కను శ్రోతలలో ఎరుగనివారుండరు. ఆ లెక్కలో ముప్పది మూడవ గడికి రావలసిన గింజలు 429,49,67,296. దానికి ఒకటి కలుపగా వచ్చు 429,49,67,297 అను సంఖ్యను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. చూచుటకు ఏ విశేషమును లేని ఈ సంఖ్య ఒక మహాగణితజ్ఞుని నమ్మకమును వమ్ము చేసినది.

పదునేడవ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున, తూలూజు నగర న్యాయస్థానమున ఉద్యోగియైన పియేర్ ద ఫెర్మా తీరిక వేళల గణితము చేసెడివాడు. గ్రంథములు ప్రకటించుట కంటె మిత్రులకు లేఖలు వ్రాయుటయే ఆయనకు ప్రీతి. 1640లో ఆయన దృష్టి 3, 5, 17, 257, 65,537 అను వరుసపై నిలిచెను. ఇందు ఏ సంఖ్యనుండియైనను ఒకటి తీసివేసి, మిగిలిన దానిని దానితోనే హెచ్చించి, మరల ఒకటి కలిపినచో తరువాతి సంఖ్య వచ్చును. ఈ ఐదును ప్రధాన సంఖ్యలు; అనగా ఒకటి చేతను, తమ చేతను తప్ప మరి దేని చేతను నిశ్శేషముగ భాగింపబడవు. ఆపై వచ్చునవన్నియు ఇట్టివే యని ఫెర్మా విశ్వసించెను. రుజువు తనయొద్ద లేదని ఒప్పుకొనుచునే విశ్వసించెను. 65,537 తరువాతి సంఖ్యయే మనది.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అను పండితుడు ఈ విషయమును ఆయిలరునకు వ్రాసెను. 1732లో ఆయిలరు సమాధానము చెప్పెను: ఈ సంఖ్యను 641 నిశ్శేషముగ భాగించును, భాగఫలము 67,00,417. కాగితము, పెన్సిలు దగ్గరనున్న శ్రోతలు ఇప్పుడే సరిచూడవచ్చును. ఆయిలరే తరువాత నిరూపించిన నియమము ప్రకారము, ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను దానిని 64 చే భాగింపగా ఒకటి మిగులవలెను. అట్టివి వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నమునకే సంఖ్య లొంగిపోవును! రెండును 37 మార్లు వేసి హెచ్చించి ఒకటి తీసివేయగా వచ్చు మరింత పెద్ద సంఖ్యకు 223 అను భాజకమును 1640లోనే పట్టుకొన్న ఫెర్మాకు ఇది అసాధ్యమైన పని కాదు. ఐదు ఉదాహరణముల పొందికయే ఆయన కన్ను గప్పెనని మా అభిప్రాయము.

ఈ సంఖ్యనుండి రెండు తీసివేసినచో 429,49,67,295. బల్ల సగము నిండునప్పటికి పోసిన గింజలన్నియు ఇన్నియే. చిత్రమేమనగా, ఇది 3, 5, 17, 257, 65,537 ల లబ్ధము. 1796లో, పందొమ్మిదేండ్లు నిండని గౌస్, రూళ్లకర్ర, వృత్తలేఖిని మాత్రమే గొని పదునేడు సమభుజముల క్రమ బహుభుజిని గీయవచ్చునని కనుగొనెను. భుజముల సంఖ్య బేసియైనచో అది ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్య గాని, వేర్వేరు అట్టి సంఖ్యల లబ్ధము గాని కానిదే అట్లు గీయుట సాధ్యము కాదని 1837లో వాంట్జెల్ రుజువు చేసెను. కావున 429,49,67,295 భుజముల బహుభుజిని సిద్ధాంతరీత్యా గీయవచ్చును - కాగితమెక్కడ దొరకునన్నది వేరు ప్రశ్న. రెండు భుజములు ఎక్కువైనచో మాత్రము ఎన్నటికిని గీయజాలము.

65,537 తరువాత ఆ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికిని దొరకలేదు. మన సంఖ్య మొదలుకొని వరుసగ ఇరువదియెనిమిది సంఖ్యలు ప్రధానములు కావని తేలినది. అందు రెండింటికి, ప్రధానములు కావని రుజువైనను, ఒక్క భాజకమైనను కంప్యూటర్లకు సైతము చిక్కలేదు. ఇరువదితొమ్మిదవ దాని సంగతి ఇంకను తేలవలసియున్నది.