బండితోపాటు డిష్



నేను బళ్లారిలో నలభై ఏళ్ళుగా రేడియోలూ, టీవీలూ బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. దుకాణానికి వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "ఇంటి మీది డిష్ విప్పి వ్యానులో వేసుకుని యాత్రకు పోతే, రాత్రి ఆగినచోట టీవీ వస్తుందా?" అని. వస్తుంది. ఎందుకు వస్తుందో చదువుకుని తెలుసుకున్నాను గానీ, ఎందుకు రాకుండా పోతుందో మాత్రం దారిలోనే నేర్చుకున్నాను. ఆ సంగతే ఈ పూట మీతో చెబుతాను.

అమెరికా, కెనడాల్లో ఇది కొత్త కాదు. వంటిల్లు, పడక, స్నానాలగది అన్నీ ఉన్న పెద్ద బండ్లు అక్కడ ఉంటాయి. మోటార్‌హోమ్ అంటారు, ఆర్.వి. అని కూడా అంటారు. వాటిలో నెలల తరబడి ఊళ్ళు తిరిగే సంసారాలున్నాయి. డబ్బున్నవాళ్ళు కప్పు మీద గుమ్మటంలాంటి మూతలో డిష్ పెట్టించుకుంటారు. అది మోటారుతో తిరిగి ఉపగ్రహాన్ని తానే వెతుక్కుంటుంది. తక్కినవాళ్ళు మూడు కాళ్ళ స్టాండు మీద మామూలు డిష్ బిగించి, బండికి దూరంగా నిలబెట్టి, పొడుగు కేబుల్ లాక్కుంటారు. బండి చెట్టు నీడన, డిష్ ఎండలో. మనలాంటివాళ్ళకు పనికొచ్చే పద్ధతి ఈ రెండోదే. నడిచే బండిలో టీవీ చూసే మాట నేను చెప్పడం లేదు.

ఇక లెక్క. ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమితో సమంగా తిరుగుతుంది కనుక మనకు ఒకేచోట నిలిచినట్టు ఉంటుంది. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు వాడే జీశాట్-15 ఉపగ్రహాన్ని 2015లో ప్రయోగించారు. దాని చోటు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కదలదు, కదిలేది మనం. ఉత్తరం నుంచి కుడిచేతివైపు కొలుచుకుంటూ వస్తే బళ్లారిలో డిష్ సుమారు 131 డిగ్రీల దిక్కుకు, అంటే ఆగ్నేయానికి చూడాలి. అదే డిష్ యానాంలో 145కు, ఒడిశాలోని బ్రహ్మపురంలో 155కు తిరగాలి. ఎత్తు కోణంలో తేడా తక్కువ. బళ్లారిలో 64, బ్రహ్మపురంలో 65. అందుచేత ఎత్తును పెద్దగా కదిలించకుండా పక్కకే మెల్లగా తిప్పుతూ వెతకాలి. ముందు రసమట్టంతో స్టాండు కడ్డీ నిలువుగా ఉందో లేదో చూసుకోండి. కడ్డీ ఒరిగితే ఈ అంకెలన్నీ వృథా.

దిక్సూచి చూసేటప్పుడు బండికి నాలుగు బారలు దూరం జరగండి. ఇనుము దగ్గరుంటే ముల్లు అబద్ధం చెబుతుంది. 1981లో మన ఆపిల్ ఉపగ్రహాన్ని ఎద్దులబండి మీద ఎక్కించిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. బీదతనమని నవ్వుకున్నవాళ్ళున్నారు. యాంటెన్నా పరీక్షకు లోహం, అయస్కాంత ప్రభావం లేని వేదిక కావాలనే కొయ్యబండి తెచ్చారు. మన వ్యాను ఇనుము, కాబట్టి దూరం జరగాల్సింది మనమే.

మా అన్నగారి కూతురి పెళ్ళి బ్రహ్మపురంలో. అక్కడ మా బంధువులు నాలుగు తరాలుగా ఉన్నారు. ఎనభై నాలుగేళ్ళ మా నాన్నను వ్యానులో తీసుకువెళ్ళాం. ఆయనకు చెవుడు. రేడియో వినలేరు. సాయంత్రం తెలుగు వార్తలు తెర మీద చదువుకుంటేగానీ అన్నం సహించదు. వార్తలు చూపిస్తానని మాటిచ్చి బండెక్కించాను.

రెండో రాత్రి అన్నవరం దగ్గర మామిడితోపు పక్కన ఆగాం. కొమ్మల మధ్య పెద్ద సందు కనబడింది, డిష్ సరిగ్గా అటే చూస్తోంది. అయినా మీటరులో ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతకాలం పనిచేసినవాణ్ణి, మరిచిపోయాను. మన ఇళ్ళమీది డిష్ కంటికి కనిపించే వైపుకన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తుంది. సందు మీదున్న కొమ్మలే అడ్డం. మా మేనల్లుడికి ఓపిక తక్కువ. "ఎత్తులో పెడదాం మామయ్యా" అంటూ వ్యాను మీది ఇనుప గొట్టం తీసి నిలబెట్టబోయాడు. నేను మీటరులో తల పెట్టుకుని ఉన్నాను. కుర్చీలో కూర్చున్న నాన్న ఒక్క కేక వేశారు. "ఒరే, పైన తీగ చూడరా!" తలెత్తి చూస్తే గొట్టం కొసకూ కరెంటు తీగకూ మధ్య మూడడుగులు. పదకొండు వేల ఓల్టుల లైను అది. దగ్గరికి వస్తే చాలు, తాకనక్కరలేదు. పిల్లవాడు గొట్టం వదిలేసి అక్కడే కూలబడ్డాడు. ఆ రాత్రి నాన్న వార్తలు అడగలేదు, మాతో మాట్లాడనూ లేదు.

అందుకని, బండి ఆపకముందే ఆగ్నేయం వైపు ఆకాశం చూడండి. ఆ తర్వాత నెత్తిమీద తీగలు చూడండి. నీడ ఆఖర్న చూసుకోవచ్చు. చెట్టు అడ్డమైతే డిష్‌ను ఎత్తకండి, పక్కకు జరపండి. చెట్టుకు దూరమయ్యేకొద్దీ కొమ్మలు చూపుకు కిందికి దిగుతాయి.

బ్రహ్మపురంలో ఇంకో చిక్కు. దిక్కు సరే, ఎత్తు సరే, బొమ్మ మాత్రం గళ్ళుగళ్ళుగా విరిగిపోతోంది. డిష్ ముందుండే ఎల్.ఎన్.బి.ని బళ్లారిలో ఎంత మెలితిప్పి బిగించానో అలాగే ఉంది. అమెరికా డిష్‌లకు వచ్చే తరంగాలు మరమేకులా మెలితిరుగుతూ వస్తాయి, వాళ్ళకు ఈ బాధ తక్కువ. మనకు వచ్చేవి పలకలా ఒక వాటంగా వస్తాయి. ఊరు మారితే ఆ వాటమూ మారుతుంది. మర వదులుచేసి తలను కొద్దికొద్దిగా తిప్పితే బొమ్మ నిలిచింది.

ఒక విషయంలో మాత్రం మనమే నయం. అక్కడ స్థానిక చానళ్ళను ఒక్కో ప్రాంతానికి విడిగా, చిన్న కిరణంతో పంపుతారు. ఆ ప్రాంతం దాటితే సొంతూరి వార్తలు పోతాయి. మన ఫ్రీ డిష్ కిరణం దేశమంతా పరుచుకుని ఉంది. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి రెండూ బళ్లారిలో ఎలా వస్తాయో బ్రహ్మపురంలోనూ అలాగే వస్తాయి.

కరెంటు సంగతి. పన్నెండు ఓల్టుల చిన్న టీవీ, అదే ఓల్టేజీ బాక్సు కొనుక్కుంటే ఇన్వర్టరు అక్కరలేదు. బండి స్టార్టుచేసే బ్యాటరీని మాత్రం దీనికి వాడకండి, తెల్లవారి తోయవలసి వస్తుంది. గాలికి స్టాండు పడిపోకుండా కాళ్ళమీద ఇసుక సంచులు వేయండి. జోరువాన పడితే బొమ్మ పోతుంది. డిష్‌ను ముట్టుకోకండి, వాన వెలిసాక అదే వస్తుంది. ఉరుములు మొదలుకాకముందే కేబుల్ పీకేయండి.

పెళ్ళినాటి సాయంత్రం పెరట్లో వ్యాను పక్కన మా నాన్న, ఆయన ఈడు పెద్దలు ఇద్దరు ముగ్గురు కూర్చుని వార్తలు చూశారు. బాసికం కట్టే వేళయినా లేవలేదు, అన్నయ్య వచ్చి పిలుచుకుపోయాడు. తిరుగు ప్రయాణానికి ఇంకో పది మీటర్ల కేబుల్ కొన్నాను. ఇనుప గొట్టాన్ని ఆ పెరట్లోనే వదిలేసి వచ్చాం.

సెలవు.