అలసిన మిత్రునికి కానుక

చిక్కులలో పడి నిద్రాహారములు మరచిన మిత్రుని చూడబోవునప్పుడు ఏమి తీసికొనిపోవలెను? ఈ ప్రశ్న మాకొకప్పుడు ఎదురైనది.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన పెనుతుపాను మా ఐ.పోలవరము ప్రాంతపు కొబ్బరితోటలను నేల కూల్చినది. కొబ్బరిమొక్క నాటిన పిదప కాపునకు వచ్చుటకు ఐదారేండ్లు పట్టును. తోట పోయిన మిత్రుని మనోవేదన ఎంతటిదో ఊహింపవచ్చును.

నెల గడచిన పిదప ఆత్రేయపురము పూతరేకులు పట్టుకొని వెళ్లితిమి. ఆయన పొట్లము అరుగుమీద పెట్టి, మాకు కాఫీ ఏర్పాటు చూడ లేచెను. మా కానుక ఆయనకు మరియొక పని యైనది!

మరునాడు వట్టిచేతులతో పోయి, పడిన మానులు కోయించు పని మేము చూచితిమి. ఆ మధ్యాహ్నము ఆయన నులకమంచముపై నడుము వాల్చెను. చాల దినములకు కునుకు పట్టినదని ఆ యింటి యిల్లాలు చెప్పినారు.

పూతరేకులు మంచివి కావని కాదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన రుచి అది. అయితే వాని వెంట మన ఓపికయు పోవలెను. లేతబొండము తెచ్చినచో మనమే కొట్టి చేతికీయవలెను. పిల్లలను ఒకపూట మన యింటికి తీసికొని రావచ్చును. సాయంత్రము గోదావరి గట్టున, ప్రశ్నలు వేయక, ప్రక్కన కూర్చుండవచ్చును.

ఈసారి అట్టి మిత్రుని గడప దాటగనే, ఆయన చేతిలోని పని నొకదానిని అడిగి తీసికొనుడు.